ఒరలోని కత్తి

తెలుగునాట వానకాలము రాగానే డెంగీ జ్వరము తలయెత్తును. దోమకాటుతో దేహమును చేరి ఆ జ్వరమును కలిగించునది ఒక వైరసు. మిల్లీమీటరును 20,000 భాగములు చేసినచో, అందొక భాగమే దాని వ్యాసము. వైరసు తనంతట తాను వృద్ధి చెందజాలదు. జీవకణములో జొరబడి, ఆ కణముచేతనే తనవంటివానిని పెక్కింటిని చేయించుకొనును. అట్లు అప్పుడే రూపొంది, ఇంకను పూర్తిగా పండని దానిని అపరిపక్వ వైరసు అందురు.

ఇంత చిన్న వస్తువు సామాన్య సూక్ష్మదర్శినికి అందదు. 1931లో జర్మనీలో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ అనువారు కాంతికి బదులు ఎలక్ట్రానులను వాడు సూక్ష్మదర్శినిని నిర్మించిరి. అయినను ఒక చిక్కు మిగిలెను. ఆ యంత్రములో గాలి యుండరాదు. గాలి లేనిచోట నీరు ఆవిరియగును. నీరు పోయిన వైరసు ఆకారము చెడును. 1980 తరువాత జాక్ డ్యుబోషే, ఆయన సహచరులు దీనికి ఉపాయము కనుగొనిరి. మిక్కిలి చల్లని ద్రవ ఈథేనులో ముంచినచో, మంచు పలుకులు ఏర్పడుటకు వ్యవధి లేక, నీరు గాజువలె బిగిసిపోవును. వైరసు అందులో చెక్కుచెదరక నిలుచును. 2017లో ఆయనకు మరి యిద్దరితోపాటు నోబెల్ బహుమానము లభించెను.

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున మైకేల్ రాస్మన్, రిచర్డ్ కూన్ మున్నగువారు ఈ పద్ధతిని చేపట్టిరి. ఎలక్ట్రానుల తాకిడికి వైరసు చెడకుండుటకై వానిని కొద్దిగానే వాడవలెను. అందుచే ఒక్కొక్క చిత్రము మసకగా నుండును. అట్టి చిత్రములను పెక్కింటిని కంప్యూటరుచే ఒకదానితో నొకటి సరిపోల్చి కలుపగా స్పష్టమైన రూపము తేలును.

2002లో పరిపక్వ వైరసు రూపము తెలిసెను. అది గోలీవలె నునుపైనది. 2003లో అపరిపక్వ వైరసును చూడగా, అది కొంచెము పెద్దదై, ఒడలెల్ల ముండ్లతో కనబడెను. పైపొరలోని 180 ప్రధాన ప్రోటీనులు మూడేసి చొప్పున కూడి 60 ముండ్లుగా నిలిచియుండెను. పండిన వైరసులో ఆ 180 ప్రోటీనులే జంటలై చదునుగా పరుండును.

ఈ ముండ్ల ప్రయోజనమేమి? కణపు పొరలోనికి చొచ్చుకొనిపోవు మొన ఆ ప్రధాన ప్రోటీనులోనే కలదు. ఆమ్లము తగిలినప్పుడు అది పనిచేయును. కాని క్రొత్త వైరసు బయటికి వచ్చు దారిలోనే ఆమ్లపు గదులున్నవి. మొన బయటపడియున్నచో, వైరసు తాను పుట్టిన కణములోనే చిక్కుకొనును. కావుననే మరియొక చిన్న ప్రోటీను ఆ మొనపై మూతవలె కూర్చుండును. దారిలో ఫ్యూరిన్ అను కణపు ఎంజైము ఆ మూతను తెగగోయును. అయినను మూత వెంటనే రాలదు. వైరసు బయటికి వచ్చినపిమ్మటనే విడిపోవును. కత్తి ఒర వీడును.

కొన్ని వైరసులు సగము పచ్చిగానే బయటికి వచ్చును. ఆ మూతపై మన దేహము పుట్టించు ప్రతిరక్షకములు వానిని చక్కగా అడ్డుకొనలేకపోవుటయే గాక, ఒక్కొక్కప్పుడు కణములో చేరుటకు తోడ్పడునని 2010లో వెల్లడియయ్యెను. రక్షింపవలసిన సేన శత్రువునకు త్రోవ చూపినట్లయ్యెను. అందుచే టీకాలను రూపొందించువారు పండిన వైరసుతోపాటు పచ్చి వైరసును గూడ ఎరుగవలసియున్నది. కత్తిని గూర్చి తెలిసిన చాలదు. ఒరను గూర్చియు తెలియవలెను.