కమ్మిన్స్ పోతుందట!

అమరిల్లోకి పడమటగా, ఐ-40 రోడ్డు పక్కన ఉన్న గ్యాస్ స్టేషన్‌లో 1999లో కౌంటరు పనికి చేరాను. కొన్నాళ్ళకి అందులో భాగం తీసుకున్నాను, ఇప్పుడు మొత్తం మాదే. టెక్సస్‌కి ఉత్తరపు కొసన ఉన్న ఆ ప్రాంతాన్ని పాన్‌హ్యాండిల్ అంటారు. కనుచూపు మేర చెట్టుండదు. పత్తి, జొన్న, గోధుమ, వాటన్నిటినీ మించి గొడ్లు. హియర్‌ఫర్డ్ వైపు నుంచి గాలి తిరిగిందంటే, కారు అద్దాలు ఎత్తుకున్నా ఫీడ్‌లాట్ల వాసన ముక్కుకి తగులుతుంది. అక్కడ పికప్ ట్రక్కు అంటే పనిముట్టు. వెనక గూస్‌నెక్ ట్రైలరు, దాని నిండా ఆవులో గడ్డి చుట్టలో లేకుండా రోడ్డెక్కడం తక్కువ.

తెల్లారగట్ల కాఫీకి వచ్చే రైతులు మాట్లాడుకునేవి వాన, గొడ్ల ధర, డీజిల్ ఇంజన్లు. ఆ చివరి దాని గురించి పాతికేళ్ళుగా ఒకే పుకారు వింటున్నాను. "కమ్మిన్స్ పోతుందట!" చెప్పే మనుషులు మారారు, పుకారుకి కారణాలు మారాయి. మాట మాత్రం అదే.

సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్ళాలి. 1989 మోడల్‌తో డాడ్జ్ కంపెనీ తన పెద్ద పికప్‌లలో కమ్మిన్స్ వారి 5.9 లీటర్ల డీజిల్ ఇంజను పెట్టింది. ఆరు సిలిండర్లు ఒకే వరసలో, బరువు దాదాపు 500 కిలోలు. శక్తి 160 హార్స్‌పవరే, లాగే బలం మాత్రం 400 ఫుట్-పౌండ్లు. ట్రాక్టర్లకీ చిన్న లారీలకీ ఉద్దేశించిన ఇంజను అది. దాన్ని తెచ్చి పికప్ ముక్కులో దించారు. అప్పటిదాకా పికప్ అమ్మకాల్లో ఫోర్డు, షెవర్లేల వెనక ఎక్కడో ఉన్న డాడ్జ్‌కి ఆ ఇంజనే గౌరవం తెచ్చింది. మా కౌంటరు దగ్గర "ఏం బండి నీది?" అని అడిగితే "కమ్మిన్స్" అనేవాళ్ళే తప్ప డాడ్జ్ అన్నవాళ్ళు తక్కువ. ట్రక్కు చుట్టూ ఉన్న రేకుని ఇంజను కోసం భరిస్తున్నామని నవ్వేవాళ్ళు. డాష్‌బోర్డు పగుళ్ళిచ్చినా, తలుపు కిర్రుమన్నా పట్టించుకునేవాళ్ళు కారు.

ఇంజను చేసేవాడు వేరు, బండి అమ్మేవాడు వేరు కావడంలోనే ఉంది భయమంతా. 1998లో జర్మనీ డైమ్లర్ వచ్చి క్రైస్లర్‌తో కలిసింది. డాడ్జ్ క్రైస్లర్‌దే. డైమ్లర్‌కి సొంత మెర్సిడెస్ డీజిళ్ళున్నాయి. 2000లో డెట్రాయిట్ డీజిల్‌ని కూడా కొనేసింది. ఫోన్లో ఈ సంగతి చెబితే విజయవాడ ఆటోనగర్‌లో ఉన్న మా బాబాయి నవ్వాడు. "ఒరే అబ్బాయ్, ఇంట్లో ఇద్దరు వంటవాళ్ళని పెట్టుకుని రోజూ హోటలు నుంచి క్యారేజీ తెప్పించుకుంటాడట్రా ఎవడైనా?" మా కాఫీ బల్ల దగ్గర రైతులు చేసిన తర్కమూ అచ్చంగా అదే.

బాబాయి గురించి చెప్పాలి, ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయనకి తిరగబడిన బెంగ పట్టుకుంది. టెక్సస్‌లో కమ్మిన్స్ పోతుందని ఏడుపైతే, విజయవాడలో కమ్మిన్స్ వస్తోందని. టాటా వాళ్ళూ కమ్మిన్స్ వాళ్ళూ కలిసి 1993లో టాటా కమ్మిన్స్ అని పెట్టి, జంషెడ్‌పూర్‌లో ఆ 5.9 లీటర్ల కుటుంబం ఇంజన్లే తయారు చేస్తున్నారు. అప్పట్లో టాటా లారీల్లోకి అవి వరసగా దిగుతుండేవి. బాబాయి జీవితమంతా టాటా వారి పాత 697 ఇంజను మీద గడిచింది. దాని శబ్దం విని ఏ నాజిల్ కొట్టుకుంటోందో చెప్పేవాడు. కొత్త బండికి అడ్వాన్సు కట్టేముందు ఆయన ఇంజను గురించి షోరూములో అడగలేదు. తన మేస్త్రీని అడిగాడు, పంపు కాలిబ్రేషన్ చేసే కుర్రాణ్ణి అడిగాడు, పాత సామాన్ల కొట్టువాణ్ణి అడిగాడు. "రోడ్డు మీద ఆగితే ఒంగోల్లో ఎవడైనా విప్పగలడా? కావలసిన సామాను చెన్నైలో దొరుకుతుందా, జంషెడ్‌పూర్ నుంచి రావాలా? మూడేళ్ళకి అమ్మితే ఫైనాన్సు వాళ్ళు ఎంత కడతారు?" ఇవీ ఆయన ప్రశ్నలు. హార్స్‌పవర్ ఊసే లేదు. చివరికి కొన్నాడు, కమ్మిన్స్ బండే కొన్నాడు. ఆయన మేస్త్రీ అప్పటికే రెండు విప్పి చూశానన్నాడు కాబట్టి.

పాన్‌హ్యాండిల్ రైతుల మాటల్ని అప్పటినుంచి వేరే చెవితో విన్నాను. వాళ్ళ బాధ కూడా బలం గురించి కాదు. ట్రైలరు లాగడానికి ఎవరి ఇంజనైనా లాగుతుంది. బానెట్ ఎత్తితే వరస ఇంజనుకి రెండు పక్కలా చేయి దూరే జాగా ఉంటుంది, పొలం గట్టు మీద రెంచీతో పని చేసుకోవచ్చు. ఏది ఎప్పుడు పాడవుతుందో ముందే తెలుసు. పాత పన్నెండు వాల్వుల ఇంజన్లలో టైమింగ్ గేర్ల పక్కన ఒక చిన్న డోవెల్ పిన్ను ఉంటుంది. అది వదులై గేర్లలో పడితే ఇంజను పోయినట్టే. దానికి 'కిల్లర్ డోవెల్ పిన్' అని పేరు. పేరు భయంకరం, వైద్యం చవక. ముందు కవరు విప్పి, పిన్ను బయటికి రాకుండా చిన్న రేకుముక్క బిగించడమే. ఆ పని తెలియని మెకానిక్కు ఆ చుట్టుపక్కల లేడు. కొత్త కంపెనీ ఇంజనొస్తే దాని డోవెల్ పిన్ను ఎక్కడుందో కనుక్కోవడానికి ఎన్నేళ్ళు పడుతుంది, ఎన్ని ఇంజన్లు బలి కావాలి? గొడ్ల డాక్టరు ఒకాయన అన్నమాట ఇది, నాకు చాలా సబబుగా తోచింది.

గడ్డి వ్యాపారం చేసే ఇంకొకాయన మాటలతో ఊరుకోలేదు. తుక్కుకి వెళ్ళిన పాత బ్రెడ్డు డెలివరీ వ్యాను ఒకటి కొని, దాని ఇంజను ఊడదీసి టార్పాలిన్ కప్పి కొట్టంలో పెట్టాడు. ఆ వ్యాన్లలోనూ ఇదే 5.9 ఉండేది, బాష్ వారి మెకానికల్ ఇన్‌లైన్ పంపుతో సహా. ఆ పంపుని చూపించినప్పుడు నాకు ఆటోనగర్ గుర్తొచ్చింది. మన దగ్గర లారీవాళ్ళు మైకో పంపు అనేది కూడా ఆ బాష్ వంశమే. వైరు లేదు, కంప్యూటరు లేదు. డీజిలు పోసి తిప్పితే పనిచేస్తుంది.

మరి నిజంగా ఇంజను ఇచ్చేవాడు మారినవాళ్ళు ఎవరయ్యా అంటే, పక్క బల్ల దగ్గరి ఫోర్డువాళ్ళు. ఫోర్డుకి డీజిళ్ళు నావిస్టార్ ఇచ్చేది. 1994 నుంచి 2003 దాకా నడిచిన 7.3 లీటర్ల ఇంజనుని వాళ్ళు దేవుడిలా కొలిచేవాళ్ళు. ఉద్గారాల నిబంధనలు బిగియడంతో దాని స్థానంలో 6.0 వచ్చింది. దాని వారంటీ ఖర్చుల మీద ఫోర్డు 2007 జనవరిలో నావిస్టార్ మీద దావా వేసింది. మరుసటి నెలలో నావిస్టార్ ఇంజన్లు పంపడం ఆపేసింది. కొద్దిరోజులకి సరఫరా మొదలైందిగానీ, 2009 జనవరిలో రాజీ పడేదాకా కోర్టు గొడవ నడిచింది. ఆ నెలల్లో ఫోర్డు బల్ల మీద నిశ్శబ్దం. బండి మీద పేరున్నవాడూ ఇంజను పోతపోసినవాడూ కోర్టులో కొట్టుకుంటుంటే నా బండికి జవాబుదారీ ఎవరు? మా స్టేషన్‌కొచ్చే ఒక కాంట్రాక్టరు ఈ ప్రశ్న వేసి, జవాబు కోసం ఎవరి మొహం చూడకుండా కాఫీ తాగి వెళ్ళిపోయాడు. 2011 మోడల్‌కి ఫోర్డు సొంతంగా 6.7 లీటర్ల వి-8 చేసుకుంది. "మొదటి ఏడాది ఇంజను ఎవడూ కొనకండి" అని సలహాలిచ్చినవాళ్ళే రెండు మూడేళ్ళకి ఒక్కొక్కరూ అది కొన్నారు. ఆ ఇంజను నిలబడింది. దావాల కాలంలో పడ్డ చేదుతో పోలిస్తే సొంత వంటే నయమనిపించింది వాళ్ళకి.

డాడ్జ్ బల్ల మీద పుకారుకి మాత్రం విశ్రాంతి లేదు. 2007లో డైమ్లర్ విసిగిపోయి క్రైస్లర్‌ని సెర్బెరస్ అనే పెట్టుబడి సంస్థకి అప్పగించింది. డబ్బు మిగిల్చుకోవడమే వాళ్ళ పని కాబట్టి ఖరీదైన ఇంజను పీకేస్తారన్నారు. 2009లో క్రైస్లర్ దివాలా తీసింది, ఇటలీ ఫియట్ వచ్చింది. ఫియట్ గుంపులో ఇవెకో ఇంజన్లున్నాయి కాబట్టి ఇక ఖాయమన్నారు. 2013లో నిస్సాన్ తన టైటాన్ పికప్‌కి కమ్మిన్స్ వి-8 తీసుకుంటున్నానని ప్రకటిస్తే, ఈసారి పుకారు తలకిందులైంది. కమ్మిన్సే రామ్‌ని (డాడ్జ్ పికప్‌లకి అప్పటికి అదే పేరు) వదిలేస్తోందట! ఆ నిస్సాన్ డీజిల్ 2019తో ఆగిపోయింది, రామ్‌కి సరఫరా ఆగలేదు.

నిజమేమిటో కనుక్కుందామని ఒకసారి తెలుగు సంఘం సభల్లో కలిసిన, కమ్మిన్స్‌లో పనిచేసే కుర్రాణ్ణి అడిగాను. కమ్మిన్స్ ప్రధాన కార్యాలయం ఉన్న ఇండియానా రాష్ట్రపు కొలంబస్ చిన్న ఊరేగానీ అక్కడ మన కుటుంబాలు చాలానే ఉన్నాయి. అతను నవ్వి, "అంకుల్, మీవాళ్ళు మేం పోతామని భయపడుతున్నారు. మా ఊళ్ళోవాళ్ళు రామ్ పోతుందని భయపడుతుంటారు" అన్నాడు. ఊరి దక్షిణాన వేల్స్‌బొరోలో ఉన్న ప్లాంటు ఆ పికప్ ఇంజన్ల మీదే ఆధారపడి నడుస్తుందట. ఆ తర్వాత పుకారు విన్నప్పుడల్లా నాకు రైతులకంటే ఆ ప్లాంటు మనుషులే ఎక్కువ గుర్తొచ్చేవాళ్ళు.

ఇంతకాలం అందరూ పేరుకి కాపలా కాశారు. పేరు కింద ఇంజను మాత్రం మారుతూనే పోయింది. కాపలా కాసినవాళ్ళకంటే నా అలమరలకే ఆ సంగతి బాగా తెలుసు. 1998 మధ్యలో పన్నెండు వాల్వులు పోయి ఇరవైనాలుగు వచ్చాయి, మెకానికల్ పంపు పోయి విపి44 అనే ఎలక్ట్రానిక్ పంపు వచ్చింది. ట్యాంకు నుంచి డీజిలు తోసే చిన్న లిఫ్ట్ పంపు నీరసిస్తే ఆ పెద్ద పంపు ఎండిపోయి చచ్చేది. అందుకని మా దగ్గర డీజిల్లో కలిపే మందు సీసాల అమ్మకం పెరిగింది. 2003లో కామన్ రైల్ వచ్చింది. 2006 అక్టోబరులో గంధకం 15 పీపీఎంకి తగ్గించిన డీజిల్ అంటూ పంపులకి కొత్త స్టిక్కర్లు నేనే అంటించాను. "ఈ నీళ్ళ డీజిలు పంపుల్ని తినేస్తుంది" అని ఆ వారమంతా తిట్లు తిన్నాను. సీసాలు ఇంకా ఎక్కువ పోయాయి. 2007లో 5.9 పోయి 6.7 వచ్చింది, పొగ గొట్టంలో మసి వడపోత చేరింది. తర్వాత పొగని శుభ్రం చేసే డెఫ్ అనే ద్రవం డబ్బాలు వచ్చాయి. రెండున్నర గ్యాలన్ల నీలిరంగు పెట్టెలు, ఇప్పుడు తలుపు పక్కన గోడెత్తు పేర్చి పెడతాం. ఇన్ని మార్పుల్లో దేనికీ "కమ్మిన్స్ పోతుందట" అన్నంత గోల కాలేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ పేరు చెక్కుచెదరకుండానే తగిలింది. 2019లో 6.7 ఇంజనుకి అప్పటిదాకా నమ్మకంగా పనిచేసిన సీపీ3 అధిక పీడన పంపు తీసేసి సీపీ4 పెట్టారు. 2021లో ఆ పంపు కారణంగా 2019, 2020 మోడల్ ట్రక్కులు రెండు లక్షలకు పైగా రీకాల్ చేసి మళ్ళీ సీపీ3యే బిగించారు. తర్వాత 2023 డిసెంబరులో ఉద్గారాల పరీక్షని ఏమార్చే సాఫ్ట్‌వేర్ ఆరోపణల మీద కమ్మిన్స్ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకుంది. 2013 నుంచి 2023 దాకా వచ్చిన రామ్ పికప్ ఇంజన్ల గురించే ఆ కేసు. మా కాఫీ బల్ల దగ్గర ఆ వార్త వచ్చిన రోజు ఎవరూ గొంతు పెంచలేదు. గొడ్ల డాక్టరుగారు పత్రిక మడిచి, "మనం తప్పు గుమ్మం దగ్గర కాపలా కాశాం" అన్నారు. నాకు అంతకంటే కచ్చితమైన తీర్పు తెలియదు.

బాబాయి ప్రశ్నలే సరైనవి. ఎవరు చేశారని ఆయన అడగలేదు, ఎవరు విప్పగలరు, సామాను ఎక్కడ దొరుకుతుంది అని అడిగాడు.

పుకారు ఇప్పటికైతే పడుకుంది. రామ్‌కి ఇంజన్లిచ్చే ఒప్పందం 2030 దాకా పొడిగించారు. 2025 మోడల్‌లో 6.7 ఇంజను 430 హార్స్‌పవర్, 1,075 ఫుట్-పౌండ్లు ఇస్తోంది. ఈమధ్య డల్లాస్ చుట్టుపక్కల అయిదు పది ఎకరాలు కొని పాత డీజిల్ పికప్ కోసం వెతుకుతున్న మనవాళ్ళు మా దగ్గర ఆగి సలహా అడుగుతున్నారు. ముక్కు మీద పేరు చూసి బేరం కుదుర్చుకోకండి. అది ఏ ఏడాది బండో, లోపల ఏ పంపుందో అడగండి. 2019, 2020 మోడల్ అయితే బండి నంబరుతో రీకాల్ పని పూర్తయిందో లేదో చూసుకోండి. ముప్ఫై మైళ్ళలోపు దాన్ని విప్పగల మెకానిక్కు ఒకడున్నాడని తెలిశాకే డబ్బు చేతులు మార్చండి.