ఒకటికి యాభై

బొమ్మలు చక్కగా వేయగలవారికి ఆర్కిటెక్చర్ చదువు సులభమని చాలామంది తలుస్తారు. ఆ తలంపు ఎంత తొందరపాటుదో ఆ చదువులో చేరినవారికి మొదటి నెలలోనే తెలిసివస్తుంది.

అంబర్‌పేటలోని ఒక ఇరుకు సందులో పెరిగిన ఆ అమ్మాయికి పాఠశాలలో చిత్రలేఖనానికి బహుమతులు వచ్చాయి. ఇంటికి దగ్గరలోనే ఉన్న ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనాన్ని ఆమె ఎన్నిసార్లు గీసిందో లెక్కలేదు. బెల్జియం దేశీయుడైన ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పనతో 1934లో శంకుస్థాపన జరుపుకొని, 1939లో ప్రారంభమైన ఆ గులాబిరంగు రాతిసౌధం ఆమె పెన్సిలుకు సులువుగా లొంగేది. చూసినవారు మెచ్చుకొనేవారు. అయితే ఆ బొమ్మను చేతికిచ్చి, దాని ప్రకారం ఒక్క మెట్టు కట్టమంటే ఏ తాపీమేస్త్రీ కట్టలేడు. ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, ఎంత మందం అన్నది బొమ్మ చెప్పదు. చెప్పవలసిన అవసరమూ దానికి లేదు.

కళాశాలలో తొలివారాలు వట్టి గీతలతోనే గడిచాయి. టీ-స్క్వేరును బల్ల అంచుకు ఆనించి, పెన్సిలును వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతూ గీస్తే మొన అన్నివైపులా సమంగా అరిగి, గీత మొదటినుండి చివరిదాకా ఒకే మందాన వస్తుంది. తిప్పడం మరచిపోతే సన్నగా మొదలై లావుగా ముగుస్తుంది. 841 మి.మీ. పొడవు, 594 మి.మీ. వెడల్పు గల ఏ1 కాగితం నిండా అటువంటి గీతలు గీసేసరికి అరచేతి చెమటకు కాగితమంతా మసకబారేది. ఆ తరువాత ప్లాను నేర్పారు. ప్లాను అంటే ఇంటిని పైనుండి చూసిన దృశ్యం కాదు. నేలనుండి సుమారు 1.2 మీటర్ల ఎత్తున, కిటికీల మట్టంలో ఇంటిని అడ్డంగా కోసి, పైభాగం తొలగించి, కిందికి చూస్తే కనిపించేది. కోతకు తగిలిన గోడ ముదురు గీత. కింద ఉన్న అరుగు లేత గీత. తలపైన ఉన్న దూలం తెగి తెగి సాగే గీత. గీత మందమే అక్కడ భాష.

ఎవరి ఇంటిని వారు కొలిచి 1:50 స్కేలులో గీసుకురమ్మన్నారు. అంటే ఒక మీటరుకు కాగితం మీద రెండు సెంటీమీటర్లు. అంబర్‌పేటకు తూర్పున ఉప్పల్‌లో భారత సర్వేక్షణ సంస్థ శిక్షణాలయం ఉన్నది. 1767లో మొదలైన ఆ సంస్థ తయారుచేసే పటాలలో 1:50,000 స్కేలు ప్రసిద్ధమైనది. ఆ స్కేలులో ఆరు మీటర్ల ఇల్లు 0.12 మి.మీ., పెన్సిలు గీత కంటె సన్నం. దేశపటంలో పేదవాని ఇల్లు కానరాకపోవడంలో వింత లేదు. 1:50లో అదే ఇల్లు పన్నెండు సెంటీమీటర్లు పరచుకొంటుంది. దాగడానికి చోటుండదు.

తోటివారు మేడలు, అపార్టుమెంట్లు గీస్తూ ఉంటే, రెండు గదుల అద్దె ఇంటిని గీయడానికి ఆమెకు చేయి రాలేదు. ముందర లేని వరండా ఒకటి చేర్చింది. నాలుగున్నర అంగుళాల గోడలను తొమ్మిది అంగుళాలవిగా చూపింది. కాగితం మీద ఆ రెంటికీ తేడా 2.3 మి.మీ. మాత్రమే. ఎవరు పట్టుకొంటారు?

ఆ రాత్రి నాచారంలో పని ముగించుకొని వచ్చిన తండ్రి కాళ్ళు కడుక్కొని షీటు ముందు కూర్చున్నాడు. ఆయన తాపీమేస్త్రీ. షీటు మీది ఇంగ్లీషు అక్షరాలు చదవలేడు.

"ఎవరి ఇల్లు బిడ్డా ఇది?"

"మనదే నాయినా."

"మనింటికి వరండా ఏడుంది? గోడ గూడ మనది గాదు, ఇది తొమ్మిదించుల గోడ. తలుపు ఇట్ల బార్ల తెరుసుకుంటదా? ఎనుక బియ్యం డబ్బ లేదా?"

ఆమె మాట్లాడలేదు. ఆయన కోప్పడనూ లేదు.

"నువ్వు గీసిందే నిజమనుకొని నా అసొంటోడు కడతడు బిడ్డా."

భోజనాలయ్యాక టేపు కొనను ఆయన పట్టుకొన్నాడు, అంకెలు ఆమె రాసుకొన్నది. తల్లి గిన్నెలు పక్కకు జరిపింది. గోడలు కొలిచాక, మూలనుండి మూలకు కూడా కొలవమన్నాడు తండ్రి. ఒక కర్ణం కంటె రెండవది నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. పుట్టినప్పటినుండి నిద్రించిన గది వంకరగా ఉన్నదని ఆమెకు ఆ రాత్రి తెలిసింది. "ఎవడు కట్టిండో గని, మూలమట్టం పెట్టలే" అని తండ్రి తనలో తాను నవ్వుకొన్నాడు.

మరునాటి షీటులో వరండా లేదు. గోడలు సన్నబడ్డాయి, గది వంకర వంకరగానే ఉన్నది. తలుపు తెరుచుకొనే తీరును చూపే వంపుగీత పావు వృత్తం కావలసింది, సగంలో ఆగిపోయింది. అధ్యాపకురాలు అక్కడ వేలుపెట్టి, ఎందుకు ఆగిందని అడిగింది.

"వెనుక బియ్యం డబ్బా ఉంటుంది మేడమ్."

"అయితే దానినీ గీయి" అని ఆమె తరువాతి షీటు వైపు వెళ్ళింది. అక్షరాలు సమంగా లేవని మార్కులు కొంత తగ్గాయి కూడా.

ఆ ఆదివారం ఉప్పల్ దగ్గర ఒక స్థలంలో కొత్త ఇంటికి ముగ్గు పోయవలసి ఉండి, తండ్రి ఆమెను వెంట తీసుకొనిపోయాడు. మేకుల నడుమ దారం లాగి, ఒకవైపు మూడడుగులు, మరొకవైపు నాలుగడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల నడుమ సరిగ్గా అయిదడుగులు వచ్చేదాకా ఒక మేకును అటూ ఇటూ జరిపాడు. పైథాగరస్ పేరు ఆయన వినలేదు. దారం రెండవ కొన ఆమె చేతిలో ఉన్నది. గుప్పెడు సున్నపు పొడిని వేళ్ళ సందునుండి వదులుతూ ఆయన వెనుకకు నడుస్తుంటే, నేల మీద తెల్లని గీత మొదటినుండి చివరిదాకా ఒకే మందాన వచ్చింది. దాని స్కేలు ఒకటికి ఒకటి.

"దారం వదులు చేయకు" అన్నాడు తండ్రి, తల ఎత్తకుండానే.