పలకల ఊరి లాయరమ్మ

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వైపు వెళితే గోడలు, చెట్ల ఆకులు, కోత మిషను దగ్గర నిలబడ్డ మనిషి కనురెప్పలు అన్నీ బూడిదరంగులోనే కనిపిస్తాయి. తరాల పిల్లలు ఓనమాలు దిద్దిన పలకలు ఇక్కడివే. నేను వెళ్ళింది ఒక యువ న్యాయవాదిని కలవడానికి. లా చదివి, పెద్ద నగరానికి పోకుండా మార్కాపురం కోర్టులోనే ప్రాక్టీసు పెట్టిందామె. ముందు ఫ్యాక్టరీ దగ్గర కలుద్దామన్నదీ ఆమే.

"మా నాయన ఇట్లాంటి మిషను దగ్గరే పనిచేసినాడు సార్. దగ్గు పట్టుకుంటే టీబీ అనుకొని మందులు మింగించినాము. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని తెలిసేసరికే మనిషి మంచం పట్టినాడు. పరిహారం అడగబోతే, ఇక్కడ పనిచేసినట్టు కాగితం ఉందా అన్నారు. ఒక్క చీటీ కూడా లేదు."

ఆమెను లా కాలేజీకి పంపింది ఆ లేని చీటీయే.

రాతిదుమ్ము తెచ్చే ఆ సిలికోసిస్ పనివల్ల వచ్చే జబ్బేనని, దానికి యజమాని పరిహారం ఇవ్వాలని చట్టం ఏనాడో ఒప్పుకుంది. 1988లో కేంద్రం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమనూ ఎంచుకుంది. ఈ ఊరి కష్టం ఢిల్లీకి తెలియనిదేమీ కాదు. కానీ కేసు నిలబడాలంటే ఫలానా మనిషి ఫలానా చోట ఇన్నేళ్ళు పనిచేశాడని ఎవరో రుజువు చేయాలి. ఆమె రోజుల్లో ఎక్కువభాగం దానికే పోతుంది. మేస్త్రీ రాసుకున్న కూలి లెక్క, పాత ఎక్స్‌రే, తోటివాళ్ళ ప్రమాణపత్రాలు ఇంటింటికీ తిరిగి పోగుచేస్తుంది. దుమ్ములో పనిచేసిన సంగతి కూడా రాయమని డాక్టర్లను అడుగుతుంది. వాదనకన్నా ఈ తిరుగుడే అసలు వకాల్తా అనిపించింది నాకు.

కోర్టుకు వెళ్ళేసరికి గిద్దలూరు నుంచి రైల్లో వచ్చిన ఒక తల్లి మనోవర్తి కేసు కోసం కాచుకొని ఉంది. ఫీజుకు డబ్బుల్లేవని కొంగు ముడి విప్పబోతుంటే లాయరమ్మ ఆపింది. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. ఈ మాట తెలియక నల్లమల అంచున దోర్నాల వైపు చెంచులు, ఇక్కడి పలకల కూలీలు ఎంతమంది కోర్టు గడప దాకా వచ్చి వెనక్కి పోతున్నారో! నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే.

ఆమెను చూస్తుంటే ఇంకో వకీలు గుర్తొచ్చారు. ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం స్వాతంత్ర్యోద్యమం కోసం మద్రాసులో దండిగా రాబడి వచ్చే ప్రాక్టీసు వదులుకున్నారు. ఆయన చేసింది మహాత్యాగం. ఈ అమ్మాయి నల్లకోటు వదలకుండానే ఊరిని అంటిపెట్టుకొని ఉంది. నా లెక్కలో ఇదీ ఆ దారిలోదే.

ఒంగోలు పోతే ఫీజులు బాగా వస్తాయి కదమ్మా అని అడిగాను.

"వస్తాయి సార్. కానీ అక్కడ కూర్చుంటే ఈ మనిషి ఏ మిషను దగ్గర నిలబడినాడో, ఎవరిని సాక్షికి పిలవాలో నాకెట్ల తెలుస్తుంది?"

ఇంతలో ఒక పెద్దాయన దగ్గుకుంటూ వచ్చి, "లాయరమ్మా, మేస్త్రీ దొరికినాడు, రేపు వస్తానన్నాడు" అన్నాడు. ఆమె వెంటనే కాగితం తీసి ఆ మేస్త్రీ పేరు, ఊరు రాసుకోసాగింది.