రెండు గీతల మధ్య ఊరు

ఇరవై ఏళ్లుగా సోషల్ చెబుతున్నాను. నాకు ఎప్పుడూ విసుగనిపించే పాఠం ఒకటుండేది. మ్యాపుల్లో భూస్వరూపాలు. కొండనీ లోయనీ చదును కాగితం మీద ఎలా చూపిస్తారన్నదే ఆ పాఠం. డెల్టాలో పనిచేసినన్నాళ్లూ మా పిల్లలకి కొండంటే సినిమాలో చూసిందే. “సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న ప్రదేశాలను కలుపుతూ గీసే గీతే కాంటూరు రేఖ” అని బోర్డు మీద రాసేవాణ్ణి. వాళ్లు బట్టీ పట్టేవారు. రెండు మార్కులు. అక్కడితో సరి.

2023లో శబరి ఒడ్డున ఉన్న ఓ ఊరి బడికి బదిలీ అయింది. పోలవరం ముంపు మండలం అది. పిల్లల్లో ఎక్కువమంది కోయవాళ్లు. పాఠం మొదలుపెడుతూ అలవాటుకొద్దీ “కాంటూరంటే ఎవరికైనా తెలుసా?” అనడిగాను. ఎవరూ చెప్పరని నా ధీమా. సగం చేతులు లేచాయి.

“మాది 41 కాంటూరు సార్.”

“మాది 45 సార్. మాకింకా టైముంది.”

చాక్‌పీసు చేతిలో అలాగే ఉండిపోయింది. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశలో 41.15 మీటర్ల దాకా నీళ్లు నిలుపుతారని లెక్క. ఆ గీత లోపలి ఊళ్లు ముందు కదలాలి, మిగతావి తర్వాత. నేను రెండు మార్కులకి చెప్పే మాటని వీళ్ల ఇళ్లలో అన్నాలు తింటూ మాట్లాడుకుంటున్నారు. అయితే ఆ గీత ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరికీ తెలీదు. “ఆఫీసర్లు గీస్తారు సార్” అన్నాడొకడు.

మర్నాడు ఏటి ఒడ్డు నుంచి బంకమన్ను తెప్పించాను. హాస్టల్ వంటగదిలోంచి పెద్ద బేసిను తెచ్చి, అందులో కొండ చేయించాను. ఒకవైపు నిటారుగా, ఇంకోవైపు వాలుగా. ఓ అంగుళం నీళ్లు పోసి, నీటి అంచు వెంబడే పుల్లతో గీత గీయమన్నాను. మళ్లీ అంగుళం, మళ్లీ గీత. చివరికి నీళ్లు వంపేసి, బెంచీ ఎక్కి పైనుంచి చూడమన్నాను.

“ఉల్లిపాయ కోసినట్టుంది సార్!”

నిటారు వైపు గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. వాలు వైపు ఎడంగా ఉన్నాయి. “గీతలు దగ్గరుంటే ఎక్కేటప్పుడు ఆయాసం, దూరముంటే నడక తేలిక” అని వాళ్లే చెప్పేశారు. రోజూ కొండ దిగి బడికొచ్చే పిల్లలు మరి.

అప్పుడు టోపో షీటు పరిచాను. గోధుమ రంగు గీతలు కాంటూర్లు, నీలం రంగు ఏరు, ఎర్ర చుక్కలు ఇళ్లు. పిల్లలంతా మీద పడి 41.15 కోసం వెతికారు. దొరకలేదు. దొరకదు కూడా. 1:50,000 స్కేలు షీట్లలో గీతకీ గీతకీ మామూలుగా 20 మీటర్ల తేడా ఉంటుంది. 40 తర్వాత 60. వీళ్ల 41.15, 45.72 రెండూ ఆ మధ్య ఖాళీలోనే ఉన్నాయి. వాటి మధ్య తేడా నాలుగున్నర మీటర్లే. అంత చిన్న తేడా తెలియాలంటే నేల మీద విడిగా కొలవాలి.

వెనక బెంచీ అమ్మాయి చింతగింజ ఒకటి తెచ్చి మట్టి కొండ వాలులో గుచ్చింది. “మా ఇల్లు ఇక్కడ సార్, 41 గీతకి పైన. మరి 2022 వరదలో చూరు దాకా ఎట్లా మునిగింది?”

నా దగ్గర జవాబు లేదు. “రేపు చెబుతా” అన్నాను. రాత్రంతా అదే ఆలోచన. ఆ జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. బేసినులో నీళ్లు నిలబడి ఉంటాయి, అంచు అంతటా ఒకే ఎత్తు. కాంటూరు కూడా అలాంటి గీతే. కానీ వరద నిలబడదు, పరిగెడుతుంది.

తెల్లారి ఓ రేకుని కాలవలా వంచి, కాస్త వాలుగా పెట్టి, మధ్యలో రెండు మట్టి ముద్దలతో ఇరుకు చేశాను. “ఇవి పాపికొండలు” అన్నాను. చెంబుతో మెల్లగా పోస్తే నీళ్లు మామూలుగానే పోయాయి. బకెట్టు ఒక్కసారి కుమ్మరించగానే ఇరుకుకి ఎగువన నీళ్లు ఉబ్బాయి, దిగువన అంత లేవు. ఒకే నీళ్లు, ఒకే క్షణం, రెండు ఎత్తులు. గోదావరి పొంగినప్పుడు శబరి ముందుకు పోలేక ఎగపోటు వేయడం వాళ్లకి కొత్త కాదు. దానికీ మ్యాపు మీది గీతకీ తేడా ఏంటో మాత్రం ఆ రోజే తెలిసింది. వాళ్లతోపాటు నాకూ.

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. చింతగింజ తీసి జేబులో వేసుకుంది.

వారం తర్వాత వాళ్ల నాన్న బడికొచ్చాడు. “సారూ, మా ఇల్లు ఎన్ని మీటర్లలో ఉందో కొలిచి చెప్పమని అడగాలంట. వరద మరక ఎంత ఎత్తులో ఉందో అది కూడా కొలవమనాలంట. పిల్ల పోరుతోంది. అర్జీ రాసిపెట్టండి.”

నేను రాయలేదు. ఆ అమ్మాయిని పిలిచి తన చేతే రాయించాను. దిద్దుదామని ఎర్ర పెన్ను తీసుకుని చదివాను. “సముద్ర మట్టం నుంచి” అన్న దగ్గర కూడా ఒక్క తప్పు లేదు.