ఆడగలవా యను ప్రశ్న

ఆటలను గూర్చి వ్రాయబూనినవారు సాధారణముగా గెలుపును గూర్చియే వ్రాయుదురు. మేమును అట్లే మొదలిడితిమి. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రమందలి పోర్ట్‌లాండు నగరపు బాస్కెట్‌బాలు జట్టు 1977వ సంవత్సరమున గెలిచిన విధమును మన చదువరులకు కథగా చెప్పవలెనని కాగితము ముందుంచుకొని కూర్చుంటిమి. రెండు పుటలు సాగునప్పటికి కలము మా యధీనము తప్పి శావల్యాపురము స్టేషను దాపుననున్న బీటికి నడచినది. దానిని మరలించుటకు మేము ప్రయత్నింపలేదు.

మా మేనల్లుడు పోర్ట్‌లాండునకు చేరువనున్న హిల్స్‌బరో పట్టణమున కంప్యూటరు కొలువు చేయుచున్నాడు. 2024 మే 27వ తేదీన బిల్ వాల్టన్ అను పూర్వ క్రీడాకారుడు తన డెబ్బదియొకటవ యేట మరణించెను. మఱునాడు మా మేనల్లుడు ఫోను చేసి, "మామయ్యా, ఇక్కడ ఆఫీసులో పెద్దవాళ్ళంతా ఇంట్లోమనిషి పోయినట్టున్నారు. ఈయనెవరో నువ్వే చూడు" అని పాత ఆట చలనచిత్రము నొకదానిని పంపెను. అది 1977 జూను 5వ తేదీనాటి ఆట. 1977 అనగానే మన ప్రాంతమువారికి నవంబరులో దివిసీమను ముంచిన యుప్పెన తప్ప వేఱొండు జ్ఞప్తికి రాదు. ఆ యేట భూమికి ఆవలిప్రక్క ఒక నగరము ఆనందముతో వెఱ్ఱియెత్తినదని మాకు నలువది యేడేండ్లకు తెలిసినది.

ఈ యాట మన పల్లెలలో అంతగా పరిచితము కాదు గనుక రెండు మాటలు. పదియడుగుల ఎత్తున ఇనుపకడియము, దానికి వల. ఒక్కొక్క జట్టున బరిలో ఐదుగురు. బంతిని నేలపై కొట్టుకొనుచు పోవలెను, లేదా తోటివానికి అందింపవలెను. చేతబట్టుకొని పరుగిడరాదు. అమెరికాలో ఇది జీతమునకు ఆడు ఆట. అచ్చట రెండు సంఘములు తొమ్మిదేండ్లు పోటీపడి, 1976లో చిన్నదానినుండి నాలుగు జట్లు పెద్దదానిలో చేరగా తక్కినది అంతరించెను. చెదరిపోయిన జట్ల ఆటగాండ్రను పెద్దజట్లు పంచుకొన్నవి. సంతలో ఎడ్లను బేరమాడినట్లున్నదని మాకు తోచినది గాని, ఆ పంపకముననే పోర్ట్‌లాండునకు మారిస్ లూకస్ అను బలశాలి దొరికెను.

అంతకు ముందు ఆఱేండ్లుగా ఆ జట్టు ఏ యేటను ఓటములకన్న ఎక్కువ గెలుపు లెఱుగదు. ఆ యేడు జాక్ ర్యామ్సే అను గురువు క్రొత్తగా వచ్చెను. విద్యాశాస్త్రమున డాక్టరు పట్టము గలవాడు. గళ్ళగళ్ళ లాగులు తొడిగి బరి ప్రక్కన తిరుగుచుండెడివాడు. ఆతని పాఠమంతయు ఒక్కటే: బంతి ఒకనియొద్ద నిలువరాదు. జట్టునకు నడిమివాడు వాల్టన్, ఆఱడుగుల పదునొకండంగుళముల మనిషి. అంతటి పొడవరి తానే బుట్టలో వేసికొనుచుండిన ఎవరు కాదందురు? అతడట్లు చేయడు. బోర్డునకు తగిలి మరలివచ్చు బంతిని పట్టి, కాళ్ళు నేలనంటకముందే మెడ త్రిప్పి, ముందుకు పరుగిడు తోటివానికి విసరును. ఆ యేడు సంఘమంతటిలో అట్టి బంతులను సగటున అతనికన్న ఎక్కువగా పట్టినవాడు లేడు. చిన్నతనమునుండి నత్తి గలవాడట. నోట పలుకలేని దానిని బంతితో పలికెనేమో యనిపించును. మా పల్నాటివారికి ఈ యాటను ఒక్కమాటలో చెప్పవలెనన్న చాపకూడు అనవచ్చును. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టించెనని మనము చెప్పుకొందుము గదా. ఇచ్చట చాపపై తిరుగునది బంతి.

82 ఆటలలో 49 గెలిచి ఆ జట్టు పైపోటీలకు పోయెను. షికాగోను, డెన్వరును దాటి, కరీమ్ అబ్దుల్-జబ్బార్ వంటి మహాక్రీడాకారుడున్న లాస్ ఏంజెలెసు జట్టును వరుసగా నాలుగాటలలో ఓడించెను. తుదిపోరు ఫిలడెల్ఫియాతో. అచ్చట జూలియస్ ఎర్వింగ్ మొదలుగాగల పేరుమోసినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క సైన్యము. మొదటి రెండాటలును పోర్ట్‌లాండు ఓడెను. రెండవదాని చివర డారిల్ డాకిన్స్ అను ప్రత్యర్థికిని లూకస్‌కును పిడికిళ్ళు లేచినవి. ఇరువురను బరినుండి వెడలగొట్టిరి.

ఇచ్చట చిత్రము నాపి మేము కొంతసేపు ఊరకుంటిమి. ఆటలో పుట్టిన పగ ఎంతదూరము పోవునో పల్నాటివానికి ఎవరును చెప్పనక్కఱలేదు. కోడిపందెమున ఓడి మాచెర్లవారు రాజ్యము విడిచిరి. ఆ కథ కారెంపూడి రణరంగమున ముగిసినది. అందుచే మూడవయాట మొదలులో ఏమి జరుగునో యని చూచితిమి. ఆటగాండ్ర పేర్లు పిలుచుచుండగా లూకస్ నేరుగా డాకిన్స్‌కడకు నడచిపోయి చేయిచాచెను. అతడును చేయి కలిపెను. అంతే. ఆమీద పోర్ట్‌లాండు నాలుగాటలు వరుసగా గెలిచెను. మొదటి రెండును ఓడి తుదిపోరును గెలుచుట అరుదు.

చివరియాట 109–107. ఎర్వింగ్ ఒక్కడే 40 పాయింట్లు చేసెను. వాల్టన్ 20 పాయింట్లు చేసి, 23 మరలుబంతులు పట్టి, ఎనిమిది గురులను గాలిలోనే అడ్డుకొనెను. కడపటి క్షణములందు ప్రత్యర్థి వేసిన బంతి కడియము తప్పగా, అతడు తన చొక్కాను ఊడ్చి జనములోనికి విసరెను. ఆ యేప్రిల్ మొదలు 1995 వరకు వరుసగా 814 ఆటలకు పోర్ట్‌లాండున ఒక్క టిక్కెట్టైనను మిగులలేదట. మేము వ్రాయదలచిన కథ ఇంతవఱకే. ఇచ్చట ఆపియుండిన అందముగానే యుండెడిది.

కాని మేనల్లుని అడిగి తరువాతి యేటి సంగతియు తెలిసికొంటిమి. 1977–78లో ఆ జట్టు మొదటి 60 ఆటలలో 50 గెలిచెను. అప్పుడు, 1978 ఫిబ్రవరి చివర, వాల్టన్ పాదము చెడెను. అతడు లేక జట్టు కుంటుచు పైపోటీలకు చేరెను. ఏప్రిల్‌లో సియాటిల్‌తో పోరు. అతనిని మరల దింపిరి. రెండవయాటకు ముందు నొప్పి తెలియకుండుటకు పాదమున సూదిమందు వేసిరి, అతడు ఆడెను. పిదప ఎక్స్‌రే తీయగా ఎడమపాదమున ఎముక విఱిగియున్నది. జట్టు ఓడెను. ఆ యేటి ఉత్తమక్రీడాకారుడను బిరుదు మాత్రము అతనికే వచ్చెను. విఱిగిన కాలికి అది యెంత యూఱటయో మాకు తెలియదు.

ఇక మా సంగతి.

అదే 1978, జనవరి, సంక్రాంతి. మా యూరు 2022 ఏప్రిల్‌నుండి పల్నాడు జిల్లాలోనిది గాని అప్పటికి గుంటూరు జిల్లాలోనిదే. గుంటూరునుండి గుంతకల్లునకు పోవు మీటరుగేజి రైలు మా స్టేషనున ఆగుచుండెడిది. దాని దాపున బీడు, ఆ బీటిలో సున్నముతో గీచిన చెడుగుడు బరి. మాకప్పుడు పదునాఱేండ్లు. జట్టు మాది; అనగా గీతలు గీచుటకు సున్నము మా యింటినుండి వచ్చెడిది, గనుక పెత్తనము మాది. ఆట మాత్రము మాది కాదు. మా కూతగాడు ఊరికి ఆవల, నేడు దళితవాడ యని వ్రాయుచున్న వీధికి చెందిన కూలివారి బిడ్డ. అతడు కూతకు పోయిన ముగ్గురు నలుగురు పట్టినను నేలపై ప్రాకి వ్రేలి కొనతో గీతను అందుకొనెడివాడు. దమ్ము తెగదు, గీత తప్పదు.

పొరుగూరి జట్టుతో పందెము. ఆట సగము దాటిన పిదప ఒక పట్టులో అతని కుడిచీలమండ లోపలికి మడిగినది. ఎండుపుల్ల విఱిగిన చప్పుడు మేము వింటిమి. విన్నామని ఇన్నాళ్ళును ఎవరికిని చెప్పలేదు. అతడు కంతియెత్తిన మడమను పట్టుకొని గట్టున కూర్చుండెను. అవతల వారికి ఒక్క పాయింటు ఎక్కువ, కడపటి కూత మాది. ఊరిపెద్దలు మంచములు వేసికొని కూర్చుండియున్నారు. మేము పోయి, "ఒరే, ఆడగలవా?" అంటిమి.

"ఏం పర్లేదులే చిన్నయ్యా, దిగుతా" అనెను.

దిగెను. ఒంటికాలిపై పోయినట్లే పోయి, ఇద్దరిని తాకి, మీదబడినవారిని ఈడ్చుకొని గీత నందెను. ఊరు ఊరంతయు కేకలు వేసినది. ఇత్తడి కప్పును మేము అందుకొంటిమి. అతనిని భుజములపై నెత్తి త్రిప్పితిమి. పాదము వ్రేలాడుచుండుట చూచియే త్రిప్పితిమి. రాత్రి మా యింట విందు. మా తరపు పిల్లలకు వసారాలో విస్తళ్ళు వేసిరి. అతనికిని అతని వీధి పిల్లలిద్దఱికిని వాకిట వేసిరి. కారెంపూడి వీరుల తిరునాళ్ళకు బండి కట్టుకొని పోయి చాపకూటి మహిమను కన్నులనిండ విని వచ్చు ఇల్లే మాది.

నరసరావుపేటకు తీసికొనిపోయి చూపింపవలెనని ఎవరికిని తోచలేదు. రైలు ఉన్నది; టిక్కెట్టు ఖరీదు మాకు లెక్కలోనిది కాదు. ఆకుపసరు వేసి వెదురుబద్దలతో కట్టు కట్టిరని వింటిమి. ఎనిమిదవనాడు అతడు మిరపకోతలో వంగియుండగా చూచితిమి. ఒకకాలు మీద బరువు మోపి, రెండవకాలు ప్రక్కకు చాపి, చాలు వెంబడి జరుగుచున్నాడు. మమ్ము చూచి నవ్వెను. మేమును నవ్వి, వచ్చే పందెమునకు రావలెనంటిమి.

అతడు మరల ఆడలేదు. ఆ చీలమండ వంకరగనే అతికినది.

అప్పటి మా వయస్సును సాకుగా చూపవచ్చును. చాలకాలము చూపుకొంటిమి కూడ. "అడిగితిమి, అతడు సరేననెను" అనుట ఇంకొక సాకు. ఇదియే కొంత పరీక్షింపదగినది. వాల్టన్‌ను అడిగినవారును ఇట్లే అనుకొనియుందురు. అయినను రెండడుగుటలును ఒక్కటి కావు. వాల్టన్ ఆ వేసవిలోనే తన వైద్యము సరిగా జరుగలేదని బహిరంగముగా చెప్పి, వేఱొక జట్టునకు పంపుడని కోరి, 1978–79 ఆటలకాలమంతయు బరిలో దిగక కూర్చుండెను. జనము కొంద ఱతనిని నిందించిరి. ద్రోహి యన్నవారును కలరు. 1979లో శాండియేగో జట్టున చేరెను. పాదములు మరల మరల చెడినవి. జీవితకాలమున ముప్పదికి పైగా శస్త్రచికిత్సలు. 1986లో బోస్టన్ జట్టుతో మఱియొక విజయము చూచెనుగాని, మొత్తముమీద ఆడిన ఆటలు 468 మాత్రమే. పాపము, అతని నష్టము చిన్నది కాదు. కాని అతనికి కాదనుటకు ఒక నోరున్నది, వ్రాసికొన్న ఒడంబడిక యున్నది, న్యాయస్థానమున్నది. జీతమునకు ఆడుట ఆటను నీచపఱచునని మన పెద్దలు చెప్పుదురు. మేమును ఒకప్పుడు సభలలో చెప్పితిమి. జీతము లేక ఆడినవానికి మాకు కాదను హక్కే లేకుండెను. సున్నము మాది, బరి మాది, పండుగనాటి అన్నము మాది, మఱునాటి కూలి మా చేనిది. "ఆడగలవా" యని అడుగుటకు ముందే అతని యుత్తరము మా యింటి వాకిట వ్రాసియున్నది.

మొన్నటి సంక్రాంతికి ఊరికి పోయితిమి. నడికుడినుండి శ్రీకాళహస్తికి వేయుచున్న క్రొత్త రైలుమార్గము మా స్టేషనున వచ్చి కలిసినది. పాత బీడు ఆనవాలు పట్టుట కష్టము. అతడు రెండు గేదెలను మేపుకొనుచున్నాడు. వారి యింటి అరుగుపై కూర్చుంటిమి. అతని కోడలు టీ తెచ్చియిచ్చినది. ఏదో చెప్పవలెనని పోయి, చెప్పలేక, ఫోనులోని ఆట చూపితిమి.

అతడు కన్నులు చిట్లించుకొని చాలసేపు చూచెను. "ఈ పొడుగాయన బంతి వంక చూట్టల్లేదయ్యా, మనుషుల వంక చూస్తన్నాడు" అనెను. గురువు లెందఱో పుటలకొలది వ్రాసినదానిని అతడు ఒక్కమాటలో అనినాడు.

ఆ తరువాతి యేటి సంగతి చెప్పితిమి. సూదిమందు మాట విని తలయూపెను.

"మరి కాలు?"

"ఇరిగింది. ఆ మరుసటేడంతా ఆడకుండా కూర్చున్నాడు."

"ఏడాదంతా?"

"అవును."

"కూచోనిచ్చారా?" అనెను.

మేము మా మాట నప్పుడు చెప్పితిమి. చప్పుడు విన్నామని చెప్పితిమి. అతడు టీగ్లాసును క్రిందబెట్టి, గేదె తాడు లాగుచున్నదేమో యని అటు చూచి, "నాకు తెలుసులే" అనెను. కొంతసేపటికి, "ఆ చొక్కా ఇసిరేది ఇంకోసారి ఎయ్యి" అనెను.

వేసితిమి.