మౌనలిపిలో సంగీతం

పాట గాలిలో పుట్టి గాలిలోనే లీనమవుతుంది. దానిని కాలగర్భంలో కలిసిపోనీయకుండా నిలుపుకోవాలన్న తపనతో మానవుడు తాటాకును, రాతిని, రాగిరేకును ఆశ్రయించాడు. అయితే లిపి పాటను ఎంతవరకు మోయగలదు? ప్రాచీన భక్తిసంగీత ప్రతులను పరిశీలించే ప్రతి పరిశోధకునికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే.

ఓడరేవుగా, ఉక్కునగరంగా పేరొందిన విశాఖపట్టణంలో ఈ ప్రశ్నకు సింహాచల క్షేత్రమే సాక్షి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు అక్కడి స్వామికి సమర్పించిన కానుకల వివరం నేటికీ శిలాశాసనంలో కనబడుతుంది. అదే స్వామిని కీర్తించిన కృష్ణమాచార్యుని కథ వేరు. కాకతీయ ప్రతాపరుద్రుని కాలంవాడని పండితులు భావించే ఈ భక్తుని సింహగిరి వచనాలు తెలుగు వచన వాఙ్మయానికి తొలి వెలుగులు. ఆయన లక్షల సంఖ్యలో రచించాడని సంప్రదాయం చెబుతుంది. మనకు దక్కినవి స్వల్పం. వాటిలోనూ మాటలున్నాయి గాని, ఆయన వాటిని ఎలా గానం చేశాడో తెలిపే స్వరలిపి లేదు. కానుకల లెక్క రాతిపై నిలిచింది. గానం గాలిలో కలిసింది.

తాళపత్రాన్ని చదవడం ఒక తపస్సు. గంటంతో గీసిన అక్షరాలు మసి పూస్తేనే స్పష్టమవుతాయి. పదాల నడుమ ఎడం ఉండదు. పురుగు తొలిచిన రంధ్రం ఒక అక్షరాన్ని హరిస్తే మరో ప్రతి కోసం వెదకవలసిందే. ఆ ఖాళీని ఊహతో పూరించడం సులభం. ఖాళీని ఖాళీగా చూపడమే కష్టం.

తరువాతి కాలంలో తాళ్ళపాకవారు రాగిని నమ్ముకున్నారు. అన్నమాచార్యుల (1408-1503) సంకీర్తనలు రాగిరేకులపైకెక్కి తిరుమల ఆలయంలో శతాబ్దాలపాటు భద్రంగా ఉన్నాయి. పాటకు రాగం పేరుంది, స్వరలిపి లేదు. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు వాటి పరిష్కరణకు పూనుకున్నారు. రాళ్ళపల్లివారు కొన్నింటికి స్వయంగా స్వరాలు కూర్చారు. నేడు మనం వినే బాణీలలో అధికభాగం ఆధునికుల కల్పనలే.

మరి స్వరాలు కూడా రాసి ఉంటే పాట సంపూర్ణంగా దక్కేదా? అన్నమయ్య కాలంలోనే యూరప్‌లో జోస్కిన్ వంటి స్వరకర్తలు, పలువురు గాయకులు వేర్వేరు వరుసలను ఏకకాలంలో పాడే ప్రార్థనాగీతాలను రచించారు. పీఠంపై తెరచిన పెద్ద గ్రంథం చుట్టూ గాయకులు నిలిచేవారు. ఒక్కొక్క గొంతుకు ఆ పుటలపై ఒక్కొక్క చోటు. అక్కడ స్వరలిపి ఉంది. అయినా ఏ స్వరాన్ని కొద్దిగా హెచ్చించాలో, ఎక్కడ తగ్గించాలో చాలాచోట్ల రాయలేదు. గురువు వద్ద నేర్చినవారికి అది తెలిసినదే! ఆ శిక్షణ అంతరించాక నేటి పండితులు ఆ స్వరాలను తర్కించి నిర్ణయిస్తున్నారు. ప్రామాణిక ముద్రణలలో తమ సూచనలను స్వరం పైన వేరుగా గుర్తిస్తున్నారు.

ఆ చిన్న గుర్తులోనే పరిశోధకుని ధర్మం ఇమిడి ఉంది. పూర్వులు ఇచ్చినదేదో, తాను చేర్చినదేదో విడమరచి చెప్పినవాడే ప్రాచీన గానానికి నిజమైన వారసుడు. లిపి దాచలేనిది గొంతు దాచాలి. గొంతు మరచినది లిపి గుర్తుచేయాలి. రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలేది సగం పాటే.