మీరు పడిపోతే నేనేం చేయాలి?

జనవరిలో మెటంగ్ జెట్టీ మీద నిలబడి మావారిని నేనడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఆయన నవ్వేసి, "నేనెందుకు పడతాను?" అన్నారు.

మెల్‌బోర్న్ నుంచి తూర్పుగా దాదాపు 300 కిలోమీటర్లు వెళ్తే గిప్స్‌ల్యాండ్ సరస్సులు వస్తాయి. వెల్లింగ్టన్, విక్టోరియా, కింగ్ అని మూడు పెద్ద సరస్సులు. వాటికీ సముద్రానికీ మధ్య పొడవాటి ఇసుక గట్టు, దాని అవతల నైంటీ మైల్ బీచ్. 1889లో ఆ గట్టుకి గండి కొట్టి సముద్రంలోకి దారి చేశారు. అక్కడున్న ఊరే లేక్స్ ఎంట్రన్స్. మేం ఆ గండి దాటి సముద్రంలోకి వెళ్ళలేదు లెండి. తెరచాప పడవ ఒకటి అద్దెకి తీసుకుని, అయిదు రోజులు సరస్సుల్లోనే రేవు నుంచి రేవుకి తిరిగాం.

మావారు రెండేళ్ళుగా ఆదివారాలు సెయిలింగ్ నేర్చుకుంటున్నారు. ఆ రెండేళ్ళూ నేను ఒడ్డున కూర్చుని పులిహోర డబ్బా కాపలా కాశాను. నాకు ఈత రాదు. రాజమండ్రిలో పుట్టి ఈత రాకపోవడమేమిటని ఇక్కడ అందరూ అడుగుతారు. మా ఇంట్లో ఆడపిల్లలకి గోదావరంటే పుష్కరాల రేవు, మూడు మునకలు, అంతే. పైగా 2019 సెప్టెంబరులో పాపికొండలు చూడ్డానికి వెళ్తూ కచ్చులూరు దగ్గర మునిగిపోయిన బోటుని మా ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. దాన్ని పైకి తీయడానికే నెల దాటింది. బాబుని చూసుకోడానికి వచ్చిన అమ్మ, మేం బయల్దేరేటప్పుడు ఒక్కటే మాట అంది: "ఇద్దరూ ఒకే పడవలో వెళ్ళాలా?"

ఆ మాటే నా బుర్రలో తిరుగుతోంది. పడవ మీద ఉండేది ఇద్దరమే. ఆయన నీళ్ళలో పడితే పడవ ఆగదు, నన్నెక్కించుకుని పోతూనే ఉంటుంది. అందుకే "ఇది నేర్పకపోతే నేను పడవ ఎక్కను" అన్నాను. ఆయన మొహం ముడుచుకున్నారు. సెలవు మొదటి రోజే పరీక్ష పెట్టానని కోపం.

లేక్ కింగ్ మధ్యకి వెళ్ళాక సగం నీళ్ళు పోసిన ప్లాస్టిక్ డబ్బాకి బకెట్ కట్టి నీళ్ళలో పడేశారు. "అదే నేను. తీసుకురా" అన్నారు. మొదటిసారి చుక్కాని ఎటు తిప్పాలో తేల్చుకునేలోపు డబ్బా చుక్కంత అయిపోయింది. రెండోసారి సరిగ్గా దాని మీదకే ఎక్కించాను. "ఇప్పుడు నిజంగానే పోయాను" అన్నారు.

నేను చదివిన బీఎస్సీ ఫిజిక్స్ పదమూడేళ్ళ తర్వాత అక్కడ పనికొచ్చింది. పడవకి బ్రేకు లేదు. ముక్కుని గాలికి ఎదురు తిప్పితే తెరచాప జెండాలా కొట్టుకుంటుంది, తోసే బలం పోతుంది, పడవ నెమ్మదించి ఆగుతుంది. అంటే డబ్బా దగ్గరికి సూటిగా కాదు, గాలి వాటం చూసుకుని దాని కిందివైపు నుంచి రావాలి. ఇంజను వేస్తే ముందు తాళ్ళేవీ నీళ్ళలో వేలాడటం లేదని చూసుకోవాలి. మనిషి దగ్గరకొచ్చాక న్యూట్రల్‌లో పెట్టాలి, కింద ప్రొపెల్లర్ తిరుగుతుంది కాబట్టి. ఆరోసారికి డబ్బా చేతికందింది.

నేను గెలిచాననుకున్నాను. బకెట్టు నిండా నీళ్ళతో ఉన్న దాన్ని పైకి లాగబోతే భుజం పట్టేసింది. అప్పుడు ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. మావారు 82 కిలోలు. స్పృహ ఉంటే వెనక నిచ్చెన ఎక్కుతారు. లేకపోతే? నేను తాడుతో ఆయన్ని పడవకి కట్టేసి, రేడియోలో 16వ ఛానెల్‌లో మేడే చెప్పడమే. ఆ వాక్యాలు కాగితం మీద రాయించుకుని రేడియో పక్కన అంటించాను. అప్పటిదాకా సీటు కింద పడున్న తన లైఫ్ జాకెట్టు ఆయన మాట్లాడకుండా తీసి వేసుకున్నారు.

ఆ సాయంత్రం పేన్స్‌విల్ రేవులో ఉప్మా తింటూ ఆయనకి ఐఎన్ఎస్‌వీ తారిణి గురించి చెప్పాను. 2017లో గోవా నుంచి ఆరుగురు నేవీ ఆడపిల్లలు ఆ తెరచాప పడవలో ప్రపంచం చుట్టి వచ్చారు. అందులో విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. వాళ్ళు ఆగిన మొదటి రేవు మన ఫ్రీమాంటిల్. "అందుకని నువ్వూ వెళ్తావా?" అన్నారు. ముందు లేక్స్ ఎంట్రన్స్ దాకా వెళ్దామన్నాను.

మర్నాడు పేన్స్‌విల్ నుంచి ఫెర్రీ ఎక్కి రేమండ్ ఐలండ్‌లో కోలాలు చూశాం. యూకలిప్టస్ కొమ్మల్లో మధ్యాహ్నం పూట మా మావయ్యగారిలా నిద్ర. లేక్స్ ఎంట్రన్స్‌లో రొయ్యలు కొని పడవ మీదే వేపుడు చేశాను, ఆ వాసన కేబిన్‌లోంచి రెండు రోజులు పోలేదు. దారిలో డాల్ఫిన్లు కనిపించాయి. బురునాన్ అని 2011లో ప్రత్యేక జాతిగా పేరు పెట్టింది వీటికే. ఫోన్ తీసేలోపు మునిగిపోయాయి.

నాలుగో రోజు మావారు మ్యాప్ చూడకుండా దగ్గరిదారి అంటూ పడవని ఇసుక మేటలో దింపారు. గంటన్నర అక్కడే. ఆ సంగతి అమ్మకి చెప్పొద్దన్నారు, నేను చెప్పలేదు. ఇక్కడ రాశాను, అమ్మ ఇంటర్నెట్‌లో ఇంత దూరం చదవదు.

చివరి రోజు మెటంగ్‌కి పడవని నేనే తెచ్చాను. జెట్టీకి కొంచెం గట్టిగానే తగిలింది.

ఇప్పుడు మంగళవారాలు మా కౌన్సిల్ పూల్‌లో పెద్దవాళ్ళ ఈత క్లాసుకి వెళ్తున్నాను. ఏడు వారాలైంది. ఇంకా తల ముంచి ఊపిరి వదలడం దగ్గరే ఉన్నాను.